రాజ్యసభలో అలగానిపాడు

మా జువ్వలదిన్నె నుంచి బకింగ్‌హాం కాలువ వెంట దక్షిణంగా సాగితే అల్లూరు ప్రాంతం, దానిని దాటితే విడవలూరు ప్రాంతం వస్తాయి. ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క పెన్నా నీటితో పండే మాగాణి. ఆ విడవలూరు మండలంలో అలగానిపాడు అనే పల్లె ఉన్నది. 1913 మే 1వ తేదీన ఆ ఊరి భూస్వామి కుటుంబంలో పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి అనే బాలుడు జన్మించాడు. పేరు చివరనున్న కులసూచకాన్ని తానే తీసివేసుకొని పుచ్చలపల్లి సుందరయ్యగా దేశానికి తెలిసినవారు ఆయనే.

సుందరయ్య గారి త్యాగాన్ని గురించీ, తెలంగాణ పోరాటంలో వారి పాత్రను గురించీ మిత్రులు చాలా చదివి ఉంటారు. నేను ఇక్కడ వ్రాయదలచుకున్నది వారి జీవితంలో తక్కువగా చర్చకు వచ్చే భాగం. 1952 నుంచి 1955 వరకు రాజ్యసభలోనూ, తరువాత శాసనసభలోనూ ఒక చిన్న పక్షం తరఫున కూర్చున్న సభ్యుడిగా వారు చేసిన పని ఏమిటి, దాని విలువ ఏమిటి అన్నదే నా విషయం.

దీనికి ఒక కారణం ఉన్నది. తెలుగు పండితుడిగా నేను పనిచేసిన కాలంలో సాంఘికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు సెలవు పెట్టిన రోజున ఆ తరగతి తరచు నా మెడకు పడేది. పార్లమెంటు పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలలో ఎవరో ఒకరు ఇదే ప్రశ్న వేసేవారు: "ఎలాగూ ఓడిపోయే పార్టీ తరఫున మాట్లాడి ఏం లాభం మాష్టారూ?" పిల్లల ప్రశ్న అని తీసిపారవేయదగినది కాదు. ప్రజాస్వామ్యానికి ఆయువుపట్టు వంటి ప్రశ్న అది. దానికి సమాధానం వెదకడానికి మా జిల్లావాడే అయిన సుందరయ్య గారి జీవితం కన్న మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ముందే ఒక మాట మనవి చేస్తాను. నేను ఏ పార్టీకీ చెందినవాడను కాను. వారి సిద్ధాంతాన్ని సమర్థించడం గానీ ఖండించడం గానీ ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

సుందరయ్య గారికి ఆరేళ్ళ వయస్సులో తండ్రి మరణించారు. తిరువళ్ళూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసు పట్టణాలలో చదువు సాగింది. మద్రాసు లయోలా కళాశాలలో ఉండగా 1930లో శాసనోల్లంఘన ఉద్యమం వచ్చింది. చదువు విడిచి అందులో చేరి, అరెస్టయి, పిన్న వయస్కుడు గనుక తంజావూరు బోర్‌స్టల్ పాఠశాలకు పంపబడ్డారు. విడుదలై వచ్చాక స్వగ్రామంలో వ్యవసాయ కూలీలను కూడగట్టడం మొదలుపెట్టారు. కూలీలను కూడగట్టినది భూస్వామి ఇంటి బిడ్డ. ఆ కూలీలు పనిచేసేది తనవారి పొలాలలో. ఈ పరిస్థితి ఎంత ఇబ్బందికరమైనదో పల్లెల్లో పుట్టి పెరిగిన వారికి వేరే చెప్పనక్కరలేదు. తరువాతి కాలంలో తన వాటా ఆస్తిని కూడా వారు ఉంచుకోలేదు.

మద్రాసులో రహస్యంగా పనిచేస్తున్న అమీర్ హైదర్‌ఖాన్ ప్రభావంతో సుందరయ్య గారు కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. హైదర్‌ఖాన్ అరెస్టయిన తరువాత దక్షిణాదిన పార్టీని నిర్మించే బాధ్యత ఈ యువకుని మీద పడింది. 1934 నాటికే పార్టీ కేంద్రసంఘంలో సభ్యులయ్యారు. అప్పటికి వయస్సు ఇరవై ఒకటి. మలయాళ దేశంలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్, పి. కృష్ణపిళ్ళ వంటి వారిని ఈ పార్టీ వైపు తీసుకురావడంలోనూ వీరి పాత్ర ఉన్నది. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలోనూ వీరొకరు. 1943లో లీల గారిని వివాహమాడారు. ప్రజాసేవకు అడ్డు రాకూడదని సంతానం వద్దనుకున్నారు ఆ దంపతులు.

1946 నుంచి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించిన వారిలో సుందరయ్య గారు ముఖ్యులు. 1972లో వెలువడిన తమ గ్రంథంలో వారే ఇచ్చిన లెక్కల ప్రకారం ఆ పోరాటం సుమారు 3,000 గ్రామాలకు విస్తరించింది, 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది, 4,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 1948 సెప్టెంబరులో నిజాము లొంగిపోయిన తరువాత కూడా పోరాటాన్ని కొనసాగించడం సబబేనా అనే విషయమై ఆ పార్టీలోనే తీవ్రమైన విభేదాలు వచ్చాయి. రావి నారాయణరెడ్డి గారు కొనసాగించరాదన్నారు. సుందరయ్య గారు కొనసాగించవలెనన్న వైపు నిలిచారు. ఆ నాలుగేళ్ళూ ఆయన అజ్ఞాతంలోనే ఉన్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమింపబడింది. ఆ వెనువెంటనే దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. నిన్నటిదాకా ఏ ప్రభుత్వం తనను పట్టుకోవాలని వెదకినదో, ఆ ప్రభుత్వాన్నే సభలో నిలబడి "మంత్రిగారు సమాధానం చెప్పాలి" అని అడిగే స్థానానికి ఆయన వచ్చారు. మనిషి మారాడా, మార్గం మారిందా, కాలం మారిందా? మూడూ కొంత కొంత నిజమే. ఏమైనా తుపాకీని విడిచిన చేత్తో ప్రశ్నల కాగితం పట్టుకోవడం చిన్న విషయం కాదు. దానికి అనుమతించిన రాజ్యాంగానికీ, దానిని వినియోగించుకున్న వ్యక్తికీ, ఇద్దరికీ ఆ గౌరవంలో భాగం ఉన్నది.

ఇప్పుడు కొన్ని అంకెలు చెప్పక తప్పదు. 1952 లోక్‌సభలో ఎన్నికలు జరిగిన 489 స్థానాలలో కాంగ్రెసుకు 364 వచ్చాయి. కమ్యూనిస్టు పార్టీకి వచ్చినవి 16 మాత్రమే. ఆ పదహారుతోనే అది రెండవ పెద్ద పార్టీ అయింది! సోషలిస్టు పార్టీకి దేశం మొత్తం మీద నూటికి పదికి మించి ఓట్లు వచ్చినా 12 స్థానాలే దక్కాయి. కమ్యూనిస్టులకు నూటికి మూడున్నర ఓట్లయినా రాలేదు గాని, కొన్ని ప్రాంతాలలోనే పోగుపడి ఉండడం వలన 16 స్థానాలు వచ్చాయి. చెరువంతా పలచగా పరచుకున్న నీరు కాలువకు ఎక్కదు. ఒక మూల లోతుగా నిలిచిన నీరు ఎక్కుతుంది. మన ఎన్నికల పద్ధతి అటువంటిది.

మద్రాసు శాసనసభలో ఉన్న 375 స్థానాలలో కాంగ్రెసుకు 152, కమ్యూనిస్టులకు 62 లభించాయి. అందులోనూ ఎక్కువ భాగం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చినవే. రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది శాసనసభ్యులు. ఆ ఎన్నిక దామాషా పద్ధతిలో, ఒకే ఓటు బదిలీ విధానంలో జరుగుతుంది. తరగతిలో నేను దీనిని ఇలా చెప్పేవాడిని: ఒక్కొక్క శాసనసభ్యుడికి ఉన్న ఓటు ఒక్కటే. అతడు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస క్రమం ఇస్తాడు. గెలుపుకు కావలసిన వాటా ఒకటి ముందే లెక్క కడతారు. ఆ వాటాకు సరిపడ ఓట్లు ఎవరికి వస్తే వారు గెలుస్తారు. మిగిలిన ఓట్లు తరువాతి వారికి పోతాయి. అందుచేత పెద్ద పార్టీ అన్ని స్థానాలనూ తానే మింగివేయడానికి వీలు లేదు. చిన్న పక్షానికి దాని బలానికి తగినన్ని స్థానాలు దక్కి తీరుతాయి. ఆ మార్గాన మద్రాసు రాష్ట్రం నుంచి సుందరయ్య గారు 1952లో రాజ్యసభ సభ్యులయ్యారు. అక్కడ కమ్యూనిస్టు సభ్యుల బృందానికి నాయకులయ్యారు. వారి సంఖ్య వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత. రాజ్యసభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు అంటూ 1969 వరకు ఎవరూ లేరు. కాబట్టి సుందరయ్య గారికి ఆ హోదా గాని, దానితో వచ్చే సౌకర్యాలు గాని ఏవీ లేవు. పని మాత్రం ఉన్నది.

1952 మే 13న రాజ్యసభ మొదటిసారి సమావేశమయింది. అధ్యక్ష పీఠం మీద కూర్చున్న ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. వారు పుట్టినది తిరుత్తణిలోనైనా ఇంటిపేరుగా నిలిచిన సర్వేపల్లి మా నెల్లూరు జిల్లాలోని ఊరే. అనగా పీఠం మీద సర్వేపల్లి, ఎదుటి బల్లల మీద అలగానిపాడు! ఒకరు వేదాంతం చెప్పినవారు, ఒకరు భౌతికవాదం నమ్మినవారు. ఒకరు ఆక్స్‌ఫర్డులో ఆచార్యత్వం చేసి వచ్చినవారు, ఒకరు అజ్ఞాతవాసం చేసి వచ్చినవారు. అదే సమయంలో లోక్‌సభలో నెల్లూరుకు ప్రాతినిధ్యం వహించిన బెజవాడ రామచంద్రారెడ్డి గారు జస్టిస్ పార్టీలో పండిన నాయకులు, బుచ్చిరెడ్డిపాలెం వారు; 1952లో స్వతంత్రులుగా నెగ్గారు. ఒక్క జిల్లా ఇన్ని దారుల మనుషులను ఒకేసారి ఢిల్లీకి పంపడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారన్న విషయం అందరూ చెప్పుకునేదే. తరువాత హైదరాబాదులో శాసనసభకు కూడా అలాగే వెళ్ళేవారు. దీనిని ఒక వింతగా చెప్పుకొని అక్కడితో వదలివేయడం నాకు నచ్చదు. 1954లో చేసిన చట్టం ప్రకారం పార్లమెంటు సభ్యుని జీతం నెలకు 400 రూపాయలు, సమావేశాల రోజులలో దినభత్యం 21 రూపాయలు. ఆనాటికి అది తక్కువ సొమ్ము కాదు. కమ్యూనిస్టు సభ్యులు ఆ జీతాన్ని పార్టీకి అప్పగించి, పార్టీ ఇచ్చిన దానితో గడుపుకోవాలన్నది వారి నియమం. కాబట్టి సైకిలు ప్రదర్శన కోసం ఎక్కినది కాదు. అది ఆ లెక్కలో ఇమిడే వాహనం.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. వ్రేళ్ళ మీద లెక్కించే సభ్యులతో సభలో ఏమి చేయగలరు? బిల్లును ఓడించలేరు. మంత్రిని దింపలేరు. అయినా నాలుగు పనులు చేయవచ్చును. ప్రశ్న అడగవచ్చును, ప్రభుత్వం సమాధానం ఇచ్చి తీరాలి. సవరణ ప్రతిపాదించవచ్చును, అది ఓడినా ప్రత్యామ్నాయం ఇదిగో అని చూపినట్లవుతుంది. అనధికార తీర్మానం తేవచ్చును. చర్చలో మాట్లాడవచ్చును, ఆ మాట అక్షరం పొల్లుపోకుండా సభా కార్యకలాపాలలో అచ్చవుతుంది. సుందరయ్య గారు ఏ విషయాన్ని ముట్టుకున్నా అంకెలు పోగుచేసుకొని వచ్చి మాట్లాడేవారని వారి రాజకీయ ప్రత్యర్థులు కూడా ఒప్పుకున్నారు. భూమి, నీరు, కూలి రేట్లు, పంటల దిగుబడి వారికి ఇష్టమైన విషయాలు. నదీజలాల వినియోగం మీద వారికి ఉన్న పట్టు ఇంజనీర్లకు తీసిపోనిది.

మా శాస్త్రాలలో ఒక మర్యాద ఉన్నది. గ్రంథకర్త తన సిద్ధాంతం చెప్పేముందు పూర్వపక్షాన్ని పూర్తిగా చెప్పాలి. ఎదుటివాని వాదాన్ని ఎంత బలంగా నిలబెట్టి ఖండిస్తే సిద్ధాంతానికి అంత బలం. పూర్వపక్షం లేని సిద్ధాంతం సిద్ధాంతమే కాదు, ఆజ్ఞ. చిన్న పార్టీ సభ్యుడు సభలో నిర్వహించే పాత్ర ఈ పూర్వపక్షమే. అతడు ఓడిపోవచ్చును గాని, అతడు లేకపోతే గెలిచినవాని గెలుపుకు ప్రామాణ్యం రాదు.

మరొక ఉదాహరణ మా నెల్లూరి తిక్కన గారి నుంచే తీసుకోవచ్చును. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి వెళ్ళేటప్పుడు సంధి కుదరదని ఆయనకు తెలుసు. ధృతరాష్ట్రుని సభలో సంఖ్యాబలం ఎవరిదో కూడా తెలుసు. అయినా వెళ్ళాడు, చెప్పవలసినదంతా చెప్పాడు. ఆ మాటలు దుర్యోధనుని కోసం మాత్రమే అన్నవి కావు. సభలో కూర్చున్న పెద్దల కోసం, రేపు తీర్పు చెప్పబోయే లోకం కోసం అన్నవి. రాయబారం విఫలమయింది గనుక ఆ ఘట్టం వ్యర్థమని ఏ చదువరీ అనడు. సభలో చెప్పిన మాట సభతో ముగిసిపోదు.

ఈ మాట ఎంతవరకు నిజమో ఆంధ్ర రాష్ట్రం విషయంలో పరిశీలిద్దాం. తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని ప్రతిపాదిస్తూ సుందరయ్య గారు 1946లోనే 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' అనే చిన్న పుస్తకం వ్రాశారు. 1952లో వారు రాజ్యసభలో ఉండగానే అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు ప్రాయోపవేశం ప్రారంభించారు. పూర్వీకుల నాటి నుంచీ వారిది నెల్లూరు సంబంధమే. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనులకు ప్రవేశం కోసం నిరాహారదీక్ష పట్టినవారూ ఆయనే. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు గారు ప్రాణాలు విడిచారు. 19వ తేదీన ప్రధాని నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటును ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది.

దీనిని కమ్యూనిస్టుల విజయంగా చెప్పడం చరిత్రకు అన్యాయం. సభలో వాదన ఎన్నేళ్ళు సాగినా కదలని ప్రభుత్వం ఒక మనిషి మరణంతో నాలుగు రోజులలో కదలింది. ఈ నిజం పార్లమెంటును నమ్మే నావంటివారికి చేదుగానే ఉంటుంది. కాని ఇంకొక నిజం కూడా ఉన్నది. త్యాగం తలుపు తెరచిన నాటికి, ఆ రాష్ట్రం ఎలా ఉండాలి, ఏ ప్రాంతాలు చేరాలి, ఎందుకు చేరాలి అనే వాదన అంతా ముందే సిద్ధమై ఉన్నది. భాషా రాష్ట్రాలను గురించి కమ్యూనిస్టులు, కాంగ్రెసులోని ఆంధ్రనాయకులు, మరికొందరు ఏళ్ళ తరబడి చేసిన వాదన అది. ఆత్మార్పణ శ్రీరాములు గారిది, వాదన అనేకులది. 2008లో మా జిల్లాకు శ్రీరాములు గారి పేరు పెట్టారు; అది న్యాయమే. 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడడంతో విశాలాంధ్ర అనే ఆ కల ముగిసిపోయింది. చరిత్రలో గెలుపు కూడా శాశ్వతం కాదని దీనివలన తెలుస్తున్నది.

1954 నవంబరు 6న కర్నూలులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం వివాదంపై అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. తేడా ఒక్క ఓటు. చిన్న పక్షాల సంఖ్య ఎందుకూ కొరగాదనే వారు ఈ ఒక్క ఓటును గుర్తుంచుకోవాలి. 1955 ఆరంభంలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1952లో ఆంధ్ర ప్రాంతంలో 41 స్థానాలు గెలిచిన కమ్యూనిస్టులు ఈసారి ప్రభుత్వం తమదేనని నమ్మారు. సుందరయ్య గారు కృష్ణా జిల్లా గన్నవరం నుంచి శాసనసభకు పోటీ చేశారు.

అప్పుడు జరిగినది వినదగినది. కాంగ్రెసు, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒకే కూటమి కట్టాయి. 1955 జనవరిలో ఆవడి మహాసభలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజం తన లక్ష్యమని ప్రకటించి కమ్యూనిస్టుల నినాదాన్ని సగం లాగుకున్నది. అదే నెలలో మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానాలను మెచ్చుకుంటూ వ్రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెసువారు అచ్చువేసి ఊరూరా పంచారు. మీ గురువులే మమ్మల్ని మెచ్చుకున్నారు గదా అంటే కమ్యూనిస్టు కార్యకర్త ఏమి చెప్పగలడు? ఫలితాలలో 196 స్థానాలకు కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 వచ్చాయి.

కాని ఓట్లు చూడండి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చాయి. వెనుకటి కన్న వారి ఓటు పెరిగింది. స్థానాలు మాత్రం నలభై ఒకటి నుంచి పదిహేనుకు పడిపోయాయి. సుందరయ్య గారిని ఢిల్లీకి పంపిన దామాషా పద్ధతి కర్నూలులో కూడా ఉండి ఉంటే ఆ 31 శాతానికి సుమారు 60 స్థానాలు వచ్చేవి. 1952లో ప్రత్యర్థుల చీలిక వలన లాభపడ్డవారు 1955లో ప్రత్యర్థుల కలయిక వలన నష్టపోయారు. అది కూడా ఈ ఆటలో నియమమే గనుక ఫిర్యాదు చేయడానికి లేదు. అతివిశ్వాసం, కమ్యూనిస్టులు వస్తే పొలాలు పోతాయన్న భయం కూడా వారి ఓటమికి దోహదం చేశాయి.

ఆ పదిహేనుమందిలో సుందరయ్య గారు ఒకరు. ఓడిన పార్టీలో గెలిచినవాడు. రెండు సభలలో ఒకేసారి ఉండడానికి రాజ్యాంగం ఒప్పదు. సుఖంగా ఢిల్లీలోనే ఉండిపోవచ్చును. ఆయన రాజ్యసభను విడిచి శాసనసభకే వచ్చారు. ముఖ్యమంత్రి అయినవారు బెజవాడ గోపాలరెడ్డి గారు. ఆయనదీ నెల్లూరు జిల్లాయే, బుచ్చిరెడ్డిపాలెం. శాంతినికేతనంలో చదివి రవీంద్రుని తెలుగులోకి తెచ్చినవారు. ఇద్దరూ పెన్నకు ఉత్తరపు ప్రక్కవారే, ఇద్దరూ కలిగిన ఇళ్ళలో పుట్టినవారే. ఒకే ఏటి నీటితో పండిన రెండు పొలాలు అటుప్రక్క ఒకటి, ఇటుప్రక్క ఒకటి సభలో నిలిచాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత తెలంగాణ సభ్యులు కూడా చేరడంతో సుందరయ్య గారు మరింత బలమైన ప్రతిపక్షానికి నాయకత్వం వహించారు. 1962లో గన్నవరం ప్రజలు మళ్ళీ ఎన్నుకున్నారు. ఆ ఏడు 300 మంది ఉన్న సభలో కమ్యూనిస్టులు 51 మంది.

అక్కడి నుంచి కథ క్రిందికి దిగుతుంది. 1964లో పార్టీ రెండుగా చీలింది. కలకత్తాలో జరిగిన మహాసభలో మార్క్సిస్టు పార్టీకి సుందరయ్య గారు ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది చివరలోనే ఆ పార్టీ నాయకులను దేశమంతటా నిర్బంధించారు. 1967 ఎన్నికలలో రెండు కమ్యూనిస్టు పార్టీలకు వచ్చిన స్థానాలు కలిపితే ఇరవై: ఒకరికి 11, ఒకరికి 9. ఒక్కటిగా ఉన్నప్పుడు చిన్నదైన పక్షం చీలి మరీ చిన్నదయింది. అందులో సుందరయ్య గారి బాధ్యత లేదని అనలేము. చీలికలో ఒక పక్షానికి ఆయనే నాయకుడు.

అత్యవసర పరిస్థితి కాలంలో ఆయన మరొక నిర్ణయం తీసుకున్నారు. నియంతృత్వాన్ని ఎదిరించడానికైనా సరే జనసంఘంతో చేతులు కలపరాదన్నది ఆయన అభిప్రాయం. పార్టీ పద్ధతులలో వచ్చిన సడలింపు మీద కూడా ఆయనకు తీవ్రమైన అసంతృప్తి ఉండేది. పార్టీలో ఎక్కువమంది వేరే దారి పట్టారు. ఆయన ప్రధాన కార్యదర్శి పదవికీ పొలిట్‌బ్యూరోకూ రాజీనామా ఇచ్చారు. దేశ పార్లమెంటులోనే కాదు, సొంత పార్టీలో కూడా అల్పసంఖ్యాకుడుగా నిలవడానికి ఆయన సిద్ధపడ్డారు. కాని పార్టీని విడిచిపోలేదు, కొత్త పార్టీ పెట్టలేదు. తన మాట నెగ్గలేదని ఇల్లు విడిచి పోనివాడు అరుదు. 1978లో గన్నవరం నుంచి మూడవసారి శాసనసభకు వచ్చి 1983 వరకు ఉన్నారు. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరినవాడిని. వేసవి సెలవులు. రేడియోలో ప్రాంతీయ వార్తలు విన్న మా వీధి పెద్దలు, ఏనాడూ ఆ పార్టీకి ఓటు వేయనివారు, అరుగు మీద చాలాసేపు మాటలు లేకుండా కూర్చున్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆయన కోరిన ప్రభుత్వం తెలుగునేల మీద ఏనాడూ రాలేదు. భూ పరిమితి చట్టం 1973లో వచ్చింది. అయితే తెచ్చినది కాంగ్రెసు ప్రభుత్వం, అమలు అరకొరగా సాగింది. 2014, 2019, 2024 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కమ్యూనిస్టు పార్టీలకు ఒక్క స్థానమూ రాలేదు. అంకెలతో చూస్తే ఇది ఓటమి చరిత్ర.

కాని ఎన్నికల అంకెలు ఒక్కటే కొలబద్ద అయితే గెలిచిన వారందరినీ మనం గుర్తుంచుకోవాలి గదా! 1955లో గెలిచిన ఆ 146 మందిలో ఎంతమంది పేర్లు చెప్పగలం? భూమి, కూలి, నీరు అనే మూడు మాటలు లేకుండా తెలుగునాట ఏ పార్టీ ఎన్నికల ప్రణాళిక వ్రాయలేకపోవడం వెనుక ఆ పదిహేనుమంది వంటివారి పని ఉన్నది. తమ పేరు లేకుండా తమ వాదన ఎదుటివాని నోట పలికించడమే చిన్న పక్షాల గెలుపు. ఆవడి తీర్మానం చేసిన పని అదే. అది కమ్యూనిస్టుల ఓట్లకు దెబ్బ, వారి వాదనకు గెలుపు.

కాబట్టి ఆ పిల్లలకు నేను చెప్పే సమాధానం ఇది. ఓడిపోయే పార్టీ తరఫున మాట్లాడడం వలన లాభం మాట్లాడినవానికి ఉండకపోవచ్చును. విన్నవారికి ఉంటుంది. అయితే ఒక్క షరతు. అతడు చదువుకొని మాట్లాడాలి, తన మాటకు తగినట్లు బ్రతకాలి, ఓడిన మరునాడు మళ్ళీ సభకు రావాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా చిన్న పార్టీ సభ్యుడు వట్టి సంఖ్య అవుతాడు. సుందరయ్య గారి సిద్ధాంతంతో విభేదించేవారు కూడా ఈ మూడూ ఆయనలో ఉన్నాయని కాదనలేరు.

మిత్రులకు ఒక విన్నపం. మీ మీ జిల్లాలలో కూడా ఇటువంటి సభ్యులు ఉండి ఉంటారు. పెద్ద పార్టీలలో లేక, మంత్రులు కాక, విగ్రహాలకు ఎక్కక, సభలో మాత్రం తమ వంతు మాట చెప్పి వచ్చినవారు. నల్లగొండ మిత్రులు రావి నారాయణరెడ్డి గారిని గురించి వ్రాయవచ్చును. 1952లో ప్రజాతంత్ర కూటమి అనే చిన్న పక్షం అభ్యర్థిగా నెహ్రూ కన్న ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళినవారు. శ్రీకాకుళం, అనంతపురం, ఖమ్మం మిత్రులకు చెప్పవలసినది ఇంకా ఎక్కువే ఉంటుంది. అటువంటివారిని గురించి మన భాషలో వ్రాసి పెట్టుకోకపోతే వెదకే విద్యార్థికి గెలిచినవారి చరిత్ర మాత్రమే దొరుకుతుంది. తీరిక చేసుకొని వ్రాయగలరని ఆశిస్తాను.

స్వస్తి.